చాపలో చ, చాయ్‌లో చ

మధ్యాహ్నం రెండూ పది నిమిషాలకు బక్కమ్మ ముత్తంగి గోదాము షట్టరు కింద వంగి లోపలికి దూరింది. పేరుకు బక్కమ్మ గాని మనిషి తొంభై కిలోలకు రెండే తక్కువ. ఆమె దూరాక షట్టరు ఊపిరి పీల్చుకుందని వాచ్‌మన్ తర్వాత పదిమందికి చెప్పుకున్నాడు.

చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు. నాలుగు కొట్టగానే ఓడ సంస్థ పెట్టుకున్న డిటెక్టివ్ రాజారావు రిపోర్టు ఠాణాకు చేరుతుంది. ఆ రిపోర్టులో దోషి పేరు ఒక్కటే, ఓదెలు. దక్షిణ ధ్రువం దగ్గరి మంచు సముద్రంలో, పరిశోధన ఓడ మీద, హరిచందన అనే ఇరవయ్యేడేళ్ల పిల్లను వించి, అంటే బరువులు గుంజే తాడు యంత్రం, తిప్పి చంపినవాడు అని.

గేటు దగ్గరే ఓదెలు భార్య సంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఓడల ఉన్నప్పుడు వారానికి ఐదు నిమిషాలు ఫోన్ జేసెటోడు. గప్పుడే మస్తు మాట్లాడిండు. ఇంటికొచ్చి రెండు నెలలాయె, పది మాటలు మాట్లాడలే. జైలుకు వోతే గా పది గుడ పోతయి."

"ఏడ్వకు. ఏడుస్తే నా చెవులు పని చెయ్యయి" అంది బక్కమ్మ.

ఆమె సరుకంతా ఆ చెవులే. ముప్పై ఏళ్లు ఒక ఠాణాలో చీపురు పట్టింది. దొంగలు అబద్ధం చెప్పేటప్పుడూ, పోలీసులు అంతకంటే పెద్ద అబద్ధం చెప్పేటప్పుడూ ఆమె ఆ పక్కనే నేల తుడుస్తూ ఉండేది. చదువు లేదు. సంతకం పెట్టమంటే బొటనవేలు చూపిస్తుంది. చీపురు వదిలేసిన నెలకే పటాన్‌చెరులో జిరాక్సు షాపు మీద గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ బోర్డు కట్టింది. ఆ బోర్డు మీద ఏం రాసి ఉందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

గోదాము మధ్యలో ఆ వించి ఇనుప స్టాండుకు బిగించి ఉంది. తయారుచేసిన పటాన్‌చెరు కంపెనీయే ఓడ నుంచి దాన్ని వెనక్కి తెప్పించి పరీక్ష చేసింది. మోటరు బాగుంది, బ్రేకు బాగుంది. యంత్రం తప్పు లేదని తేలాక మిగిలింది మనిషి తప్పే. ఆ మనిషి చెక్కపెట్టె మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. అందోల్ దిక్కు రైతుబిడ్డ ఓదెలు. పన్నెండేళ్లు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపాడు. చెయ్యి నిలకడ చూసి కంపెనీ అతన్ని ఓడ ఎక్కించింది.

చావు గురించి ముందే అడిగితే నోళ్లు మూసుకుపోతాయని బక్కమ్మకు తెలుసు.

"ఓడల ఎట్ల పన్నవు, ఏం తిన్నవు, అది చెప్పు బిడ్డా. కడమది తర్వాత."

ఓదెలు గొంతు విప్పాడు. "పొద్దు మునగదమ్మా ఆడ. రాత్రి పన్నెండింటికి గుడ ఎండనే. కిటికీకి అట్టముక్క పెట్టి టేపేసి పండేది. పరుపు అంచు కింద లైఫ్ జాకెట్ ఇరికిచ్చుకోవాలె, లేకుంటే ఓడ ఊగినప్పుడు కింద వడ్తం. మంచుగడ్డలు ఓడకు తాకితే మన కంకర మిషన్ల తల పెట్టి పన్నట్టుంటది."

"తిండి?"

"బల్ల మీద తడిబట్ట పరుస్తరు. తడిబట్ట మీద పళ్లెం జారదు. ఇరవై దినాలకే కూరగాయలు అయిపోయినయి. ఆఖరు టమాటకు చీటీలేసిండ్రు. ఆ పిల్లకు వచ్చింది. సగం కోసి నాకిచ్చింది. ఓదెలన్నా, జోగిపేట అంగడి యాదికొస్తాందా అన్నది."

గోడ గడియారం రెండూ ఇరవై ఐదు.

"నీ పని ఏంది మరి?"

"పొడుగు ఇనుపగొట్టాన్ని తాడుకు కట్టి సముద్రం అడుగుకు ఇడుస్తం. అండ్ల బురద ఎక్కుతది. పైకి గుంజి ఫ్రీజర్ గదిల పెడ్తరు. వెయ్యేండ్ల కింద ఎంత మంచుండె, ఎంత ఎండుండె, అంత ఆ బురదల రాసి ఉంటదంట. ఆ పిల్ల సదువు అదే. నలభై దినాలు ఆమె గొట్టాలు పట్టింది, నేను గుంజిన."

"ఇగ ఆ దినం."

"తాడు గిరకల నుంచి జారింది. ఆమె సదురుదామని వోయి, తాడుకు, ఓడ అంచు కటకటాలకు నడుమ నిలవడ్డది. నా అద్దానికి మంచు వట్టింది, సక్కగ కనవడది. డెక్ మీద పెద్ద మహేంద్ర సారు. మా ముగ్గురి తాన వాకీటాకీ సెట్లు, ఆమెది మెడల. సెట్ల ఆయన చెప్తడు, నేను చేస్త. చాలు అన్నడు. చాలు జేసిన."

బక్కమ్మకు అందులో వింత ఏమీ కనిపించలేదు. "ఆ తర్వాత?"

"సెట్ల గాలి చప్పుడు. జెర సేపటికి అరుపు. బందు వెట్టిన. అప్పటికే తాడు ఆమెను కటకటాల మీదికెల్లి అవతల ఏసింది. పదకొండు నిమిషాలు పట్టింది దొరకనీకె. ఆ నీళ్లల్ల మనిషికి మూడు నిమిషాలే ఎక్కువ." ఓదెలు తన చేతులను తొడల కింద పెట్టుకున్నాడు. "ఆమెను అదే వించితోని పైకి తీసినం. నన్నే తియ్యమన్నరు. నడిపెటోడు ఇంకొకడు లేడు గద."

బక్కమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏమీ జరగనట్టు, "ఆమెను ఏడ పెట్టిండ్రు?" అని అడిగింది.

"ఫ్రీజర్ గదిల. నన్ను దాని ఎదురుంగ గదిల పెట్టి తాళమేసిండ్రు. తిరిగొచ్చేదాంక ఇరవై రెండు దినాలు. జాగా చేయనీకె అండ్లున్న బురద గొట్టాలన్నీ సముద్రంల పారేసిండ్రు. యాభై మూడు. ఒక్కొక్కటి నీళ్లల్ల వడుతుంటే లెక్కవెట్టిన. మహేంద్ర సారే నిలవడి పారేపిచ్చిండు."

"ఆమె పట్టినయే?"

"ఆమెవే. దానికి ముందు దినమే నాతోని అన్నది. ఫ్రీజర్ పందొమ్మిది గంటలు బందు వడ్డదంట. మహేంద్ర సారు సూస్కోలే. బురద కరిగి ఒకదాంట్ల ఒకటి కలిసిపోయిందంట. ఎవలికి చెప్పకుంట మల్ల గడ్డకట్టిచ్చిండంట. రేపు పెద్ద సైంటిస్టు సారుకు చెప్త అన్నది."

"ఈ ముచ్చట విచారణల చెప్పలేదా?"

"చెప్పిన. ఆడ తెలుగు ఎవలకొస్తది? నేను చెప్పిందాన్ని ఇంగ్లీషుల చెప్పింది మహేంద్ర సారే."

అప్పుడే షట్టరు పూర్తిగా లేచింది. రెండూ నలభై. టై కట్టుకున్న రాజారావు, అతని వెనక మహేంద్ర. రాజారావుది ఏలూరు. హైదరాబాదులో అద్దాల ఆఫీసు పెట్టిన డిటెక్టివ్. ఓడను పంపిన సంస్థే అతన్ని పెట్టుకుంది. మహేంద్ర తాతలది తణుకు దిక్కు. అతను మాత్రం ఇక్కడి ఫ్యాక్టరీ కాలనీలోనే పుట్టి పెరిగాడు. తెల్లటి చొక్కా, మెత్తటి గొంతు.

"బక్కమ్మ గారూ, ఊడవడం అయిందాండీ?" అన్నాడు రాజారావు.

"ఎక్కడ సారు. చెత్త ఇప్పుడే లోపలికచ్చింది."

రాజారావు ఫైలు తెరిచాడు. "ఓడ నడిపే గదిలో రికార్డయింది చదువుతాను, వినండి. సాయంత్రం నాలుగూ నలభై రెండు, పదో సెకను, మహేంద్ర: చాలు, చాలు. పన్నెండో సెకను, వించి తిరగడం మొదలు. పంతొమ్మిది దాకా గాలి శబ్దం. ఇరవయ్యో సెకను, అరుపు. పైనున్న ఆఫీసరు చాలు చాలు అంటుంటే వీడు తిప్పుతూ పోయాడు. దీన్నేమంటారు?"

"చెప్పినట్టు చేసిండు అంటరు."

"చాలు అంటే ఆపమని కదండీ."

"చాలు అంటే నడిపియ్యమని గద సారు. మోటరు చాలు జెయ్యి. బండి చాలు జెయ్యి. ఆపుడైతే బందు."

రాజారావు నవ్వాడు. "అది మీ హిందీ తెలుగు. అసలు తెలుగులో చాలు అంటే ఇక వద్దు అని. నిఘంటువు చూడండి."

"నాకు సదువు రాదు సారు. మీరే సూడుండ్రి."

మహేంద్ర ఒక అడుగు ముందుకేసి, పెద్దమనిషిలా చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, ఆ యాస మాట నాకూ తెలుసు. స్కూల్లో వినేవాణ్ణి. కానీ డెక్ మీద నేను ఇంగ్లీషు మాటలే వాడాను. హీవ్ అంటే గుంజమని, స్టాప్ అంటే ఆపమని. ఆ పిల్ల తాడు పక్కన కనపడేసరికి కంగారులో మా అమ్మ నేర్పిన మాట వచ్చేసింది. చాలన్నాను. ఓదెలు ఇంకోలా అర్థం చేసుకున్నాడు. నాకు అతని మీద కోపం లేదు."

"ఏనాడు సారు ఇంగ్లీషు మాట అన్నది?" ఓదెలు పెట్టె మీది నుంచే అన్నాడు. "దినాం చాలు, బందు. అంతే."

"చూశారా, ఎదురు చెప్తున్నాడు" అన్నాడు మహేంద్ర బాధగా. "పాత రోజుల రికార్డులు ఉంచరమ్మా. ఆ ఒక్క రోజుదే ఉంచారు. అతని మాట, నా మాట. అంతే."

"పొరపాటో పగో కోర్టు తేల్చుకుంటుంది" అన్నాడు రాజారావు. "హ్యాండిల్ మీదున్న చెయ్యి అతనిది. మూడు కావస్తోంది, మీకింకేమైనా ఉందా?"

బక్కమ్మ వించి దగ్గరికి వెళ్లింది. నడిపేవాడి సీటులో ఇరుక్కుని కూర్చుంది. డ్రమ్ము మీద ఉప్పు అట్టకట్టి ఉంది. సీటు పక్కనే నాటి వాకీటాకీ సెట్లు రెండు తగిలించి ఉన్నాయి.

"సారు, టేపు ఇన్నరా మీరు?"

"అక్షరం అక్షరం రాయించిన కాగితం ఉంది. ఆరుసార్లు చదివాను."

"సదివిండ్రా అని అడగలే. ఇన్నరా?"

రాజారావు టై సర్దుకున్నాడు. "వినాల్సిన అవసరం లేదు."

"నాకు కాగితం అక్కరకు రాదు. ఇనిపియ్యుండ్రి."

రాజారావు విసుగ్గా లాప్‌టాప్ తెరిచాడు. గాలి ఈల. ఇనుము గీరుకున్న చప్పుడు. మహేంద్ర గొంతు, నిదానంగా, స్పష్టంగా: చాలు, చాలు. మళ్లీ గాలి. పొడుగ్గా గాలి. ఆ తర్వాత ఒక ఆడపిల్ల అరుపు, మధ్యలోనే తెగిపోయింది. ఓదెలు గోడ వైపు తిరిగాడు. బక్కమ్మ కళ్లు మూసుకుని మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారి ఆమె పెదవులు ఆ మాటను చప్పుడు లేకుండా పలికి చూశాయి.

"ముందుగాల గాలి ముచ్చట" అంది లేచి. "ఒక సెట్టు మీరు పట్టుకోండి సారు. ఆ మూలకు వోయి మొత్తుకోండి."

"ఏమని?"

"బక్కమ్మ గాడిద అని మొత్తుకోండి. మీకు మంచిగుంటది."

రాజారావు మూలకు వెళ్లాడు. బక్కమ్మ తన సెట్టు బటను నొక్కి పట్టుకుంది. రాజారావు బటను నొక్కి అరుస్తున్నాడు, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఆమె సెట్టులోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. అతను బటను వదలగానే అతని సెట్టులో మాత్రం గోదాము ఫ్యాను గిరగిర వినిపించింది.

"మా ఠాణల ఒక కానిస్టేబులుండె. బటను మీద బొటనవేలు పెట్టి నిద్రవోయిండు. నలభై నిమిషాలు జిల్లా అంత వాని గురక ఇన్నది. ఎస్పీ సారు మొత్తుకున్నా ఎవలకు ఇనవడలే. బటను ఒత్తి పట్టినోడు ఇడిసిపెట్టేదాంక ఇంకొకరి నోరు లేవది. ఎవలు ఒత్తకుంటే సెట్టు సల్లగ ఉంటది, గాలి ఇనవడది. ఆ పిల్ల మెడల గుడ సెట్టున్నది గద. పదో సెకండు సంది పంతొమ్మిది దాంక గాలి ఇనవడ్డదంటే, మహేంద్ర సారు బటను ఇడువలే. ఆ పిల్ల బందు, బందు అని ఎంత మొత్తుకున్నా ఓదెలుకు పోదు."

రాజారావు మహేంద్ర వైపు చూశాడు.

"కంగారులో చెయ్యి బిగుసుకుపోయింది" అన్నాడు మహేంద్ర.

"కంగారు మీకు మస్తు పనులు చేసి పెట్టింది సారు" అంది బక్కమ్మ. "సరే, కూసోండి. చాయ్ తాగుదాం. రాజారావు సారు, మీ ఫోన్ల రికార్డు పెట్టుండ్రి. నేను రేపు కోర్టుల అబద్ధమాడుతనేమో, మీకు పనికొస్తది."

మూడూ ఇరవై ఐదు. సంగమ్మ ఫ్లాస్కు తెచ్చింది, పొగలు కక్కుతున్న చాయ్. బక్కమ్మ స్టీలు గ్లాసు మహేంద్ర చేతికిచ్చి పొయ్యడం మొదలుపెట్టింది. పోస్తూ కబుర్లు చెప్తోంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి పోయిన అమావాస్యకు లారీ ఎక్కి పోయిందట, డ్రైవరు ఆమెను దించలేక లారీనే గుడి దాకా తోలాడట. గ్లాసు సగమైంది. ముప్పాతికైంది.

"చాలండీ."

ఆమె వినిపించుకోలేదు. చాయ్ అంచుకొచ్చింది. అంచు దాటింది. మరుగుతున్న చాయ్ అతని వేళ్ల మీదుగా మణికట్టు దాకా పారింది.

"చాలు. చాలు, చాలు, చాలు."

గ్లాసు కింద పడింది. మహేంద్ర కాలిన చెయ్యి పట్టుకుని వంగిపోయాడు. బక్కమ్మ ఫ్లాస్కు మూత నిదానంగా బిగించింది. ఆమె ముఖంలో జాలి లేదు.

"ఇది కంగారు. ఇగ మీ అమ్మ నేర్పిన మాట ఇదే సారు. రాజారావు సారు, ఈ చాలు ఇనుండ్రి, ఆ చాలు ఇనుండ్రి. ఒకదాని ఎనుక ఒకటి."

రాజారావు ఫోనులో రికార్డు మోగించాడు. తర్వాత లాప్‌టాప్. మళ్లీ ఫోను. మళ్లీ లాప్‌టాప్. అతని ముఖం రంగు మారింది.

"చెప్పుండ్రి. మీది ఏలూరు. మీ చెవికి నాకంటె మంచిగ తెలుస్తది."

రాజారావు లాప్‌టాప్ మూశాడు. "ఇప్పుడు అన్నది చాపలో చ. పళ్ల మీద నాలుక పెట్టి పలికేది. మా ఊళ్లో పసిపిల్లాడు కూడా అన్నం చాలంటే ఈ చ తోనే అంటాడు. టేపులో ఉన్నది..." ఆగాడు. "టేపులో ఉన్నది చాయ్‌లో చ."

"ఆ చ తోని చాలు అంటే నడిపియ్యమనే. మాకు ఇగ వద్దు అనాలంటే సాలు అంటం. ఓదెలు చెవికి రెండు ఎన్నడు కలువయి. మీ నోటికి గుడ కలువయి. కాగితం మీదనే కలుస్తయి. రాసినోడు ఒకటే చ రాసిండు, మీరు ఆరుసార్లు అదే సదివిండ్రు. మహేంద్ర సారుకు రెండు తెలుసు. మీసొంటోళ్లు కాగితం సదువుతరని గుడ తెలుసు. ఆయన సూస్కోక ఫ్రీజర్ల బురద కరిగిందని ఆ పిల్ల తెల్లారి పెద్ద సైంటిస్టు సారుకు చెప్తనన్నది, ఓదెలు చెప్పిన ఆ ముచ్చటనే ఈయన ఇంగ్లీషుల ఎగవెట్టిండు."

"ఒక్క ఉచ్చారణ పట్టుకుని మనిషిని ఉరి తీస్తారా?" మహేంద్ర గొంతులో మెత్తదనం పోయింది.

"ఈ వాంగ్మూలం కింద నువ్వే సంతకం పెట్టావు" అన్నాడు రాజారావు ఫైలు తిప్పుతూ. "కంగారులో అమ్మ నేర్పిన మాట వచ్చిందని. డెక్ మీద ఆ యాస మాట ఎప్పుడూ వాడలేదని. ఇక్కడున్నది ఆ మాటే. తొమ్మిది సెకన్లు బటను వదల్లేదు. ఆమె పట్టిన గొట్టాలు, కరిగిపోయాయని ఆమె చెప్పబోయినవి, యాభై మూడూ ఆమె శవానికి చోటు కావాలని నువ్వే పారేయించావు. ఒకటైతే కంగారు అనుకునేవాణ్ణి."

మహేంద్ర తల వంచి కాలిన వేళ్ల మీద ఊదుకున్నాడు. తర్వాత ఓదెలు వైపు చూసి, రోజువారీ పని గురించి చెప్పినట్టు అన్నాడు. "ఇంకెవడైనా ఆ సీట్లో ఉంటే, ఆమె అడ్డు తప్పుకుందా అని ఒకసారి అడిగేవాడు. వీడు అడగడు. మాట వింటే చెయ్యి తిప్పుతాడు. కంపెనీ ఇతని గురించి రాసిన సర్టిఫికెట్టులో కూడా అదే ఉంది, విధేయుడు అని."

సంగమ్మ చెప్పు తీసింది. బక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు. మనోళ్లు కొట్టిండ్రంటే రేపు కోర్టుల వానికే పనికొస్తది."

రాజారావు షట్టరు దించి, తానే దాని ముందు నిలబడి ఇన్‌స్పెక్టరుకు ఫోను చేశాడు. రిపోర్టులో పేరు మారుతోందని చెప్పాడు. మూడూ యాభై రెండు. ఫోను పెట్టేశాక బక్కమ్మ వైపు చూడకుండా, "చదువుకుని ఉంటే మీరూ నాలాగే చదివి ఊరుకునేవారు" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు అతని దగ్గర లేదని ఆమెకు అర్థమైంది.

ఓదెలు ఇంకా పెట్టె మీదే ఉన్నాడు. బక్కమ్మ అతని పక్కన కూర్చుంటే పెట్టె కిర్రుమంది.

"లే బిడ్డా. ఇంటికి వోదాం. నీ తప్పు లేదని తేలింది."

"అమ్మా, ఆ పిల్లది జోగిపేట" అన్నాడు ఓదెలు. "వాళ్లింట్ల గుడ చాలు అంటే నడిపియ్యుడే. సెట్టు ఆమె మెడల గుడ ఉండె. ఆయన అన్న మాట ఆమెకు ఇనవడ్డదా?"

మాటకూ వించి కదలడానికీ మధ్య రెండు సెకన్లు. ఆ మాటకు అర్థం తెలిసిన మనిషి, తాడు పక్కన, రెండు సెకన్లు. బక్కమ్మ లెక్క వేసుకుంది. ముప్పై ఏళ్లలో విన్న అబద్ధాలన్నింటిలోంచి మెత్తటిది ఒకటి ఏరి తీసింది.

"ఇనవడలే బిడ్డా. అంత గాలిల ఏం ఇనవడ్తది."

ఓదెలు తల అడ్డంగా ఊపాడు.

"ఇనవడ్డది. గిర్రున నా దిక్కు తిరిగి చెయ్యి లేపింది. అద్దం మీది మంచుల చెయ్యి ఒక్కటే కనవడ్డది. 'అన్నా, నేను తయారున్న, తిప్పు' అంటున్నదనుకున్న."